పొడపత్రి నమిలిన నోరు

మా తాత పొడపత్రి ఆకుతో ఒక జమీందారుగారి చక్కెర జబ్బు కుదిర్చాడని నేను ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చాను. జమీందారు కాదు. జమీందారుగారి గుర్రాలకు గడ్డి కోసుకొచ్చే మనిషి. కుదిరిందో లేదో కూడా నాకు తెలియదు. ఆ మనిషి మళ్ళీ మా గుమ్మం తొక్కలేదని మాత్రం మా అప్ప చెబుతుంది. మా వైపు అక్కను అప్ప అంటాం. జబ్బు కుదిరి రాలేదో, మనిషే లేక రాలేదో ఎవరు చూడొచ్చారు. ఈ వయసులో ఇది ఒప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. ఉన్నదల్లా కోపం. అబద్ధం చెప్పినన్నాళ్ళూ చుట్టూ మూగి విన్నవాళ్ళు, నిజం చెప్పిన రోజున నవ్వి లేచిపోయారు. ఆ కోపం దిగక ఇది రాస్తున్నాను.

పొడపత్రి చూడ్డానికి గొప్ప మొక్కేం కాదు. కొండ వాలున తుప్పల మీద అల్లుకుపోయే తీగ. ఆకు చిన్నది, కోలగా ఉంటుంది, ముట్టుకుంటే నూగు తగులుతుంది. పసుపుపచ్చ పువ్వు కంటికి ఆనదు. కాయ ఎండి పగిలితే జిల్లేడు దూదిలాంటి దూది ఎగురుతుంది. మేకలు మేసిపోతే మళ్ళీ చిగురేస్తుంది. మా తాత దాన్ని వేరుతో పీకనిచ్చేవాడు కాదు, గోటితో ఆకు గిల్లమనేవాడు. గజ్జల్లో బిళ్ళ కడితే ఆ ఆకు నూరి ఆముదంలో కలిపి కట్టేవాడు. దగ్గుకు కషాయం కాచేవాడు. ఒంట్లో తీపి ఎక్కువైందన్న వాళ్ళ చేత పరగడుపున నమిలించేవాడు. పాము కరిచిన వాళ్ళకు దాని వేరు అరగదీసి పట్టించేవాడని కూడా నేను నలుగురిలో చెప్పేవాణ్ణి. పట్టించాడు, నిజమే. నా కళ్ళతో నేను చూసిన ఒకే ఒక్క మనిషి తెల్లారేసరికి పోయాడు. ఆ రెండో సగం నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడా తుప్పలు కూడా లేవు. భోగాపురంలో విమానాలు దిగుతాయని అక్కడి భూములకు పుట్టిన జ్వరం మా దాకా పాకింది. కొండ కిందంతా చదును చేసి, తెల్లరంగు పూసిన రాళ్ళు పాతి, ప్లాట్లన్నారు. మా తాత ఆకు గిల్లిన చోట ఇప్పుడొక సిమెంటు కమాను నిలబడి ఉంది. దాని వెనకాల ఇల్లన్నది ఒక్కటీ లేదు. పొడపత్రి కావాలంటే సాలూరు దాటి పోవాలి, లేదా డబ్బాలో కొనుక్కోవాలి. డబ్బాలో ఉన్న పచ్చపొడి ఏ చెట్టు ఆకో పోసినవాడికే తెలియాలి.

ఈ ఆకుకి ఒక వింత గుణముంది, నా పేరంతా దాని మీదే నిలబడింది. రెండాకులు నమిలి నోరంతా తిప్పితే, ఆ తర్వాత నాలిక మీద పంచదార వేసుకున్నా ఇసకలా ఉంటుంది. తీపి మాత్రమే పోతుంది. ఉప్పు ఉప్పే, కారం కారమే. గంట తిరక్కుండా మళ్ళీ మామూలైపోతుంది. నేను నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసిన రోజుల్లో, షిఫ్టు దిగి వచ్చే కొత్తవాళ్ళను టీ కొట్టు దగ్గర పట్టుకుని ఆకు నమిలించేవాణ్ణి. వాడు టీ తాగి మొహం వికారంగా పెడితే బల్ల మీద చెయ్యి వేసి, "సూసినావా, నోట్లోనే సంపేసినాది. ఒంట్లో ఒదుల్తాదేటి?" అనేవాణ్ణి. మిల్లు మిల్లంతా నా వెనకే తిరిగేదని రాయబోయాను. టీ కొట్టు బెంచీ మీద పట్టేంత మంది, అంతే. కానీ ఆ బెంచీ మీద ఒక మూల ఎప్పుడూ మా బావ ఉండేవాడు.

మా బావ అంటే మా అప్ప మొగుడు. జీళ్ళు చేస్తాడు. చుట్టుపక్కల ఏ ఊళ్ళో తీర్థం జరిగినా ఆయన జీళ్ళు ఉండాల్సిందే. మేము చర్చికి పోయే వాళ్ళం, ఆయన జీళ్ళు మాత్రం ఊరి అమ్మవారి పండగకీ క్రిస్మస్‌కీ ఒకేలా అమ్ముడుపోతాయి. బెల్లం పాకం ముదిరాక పళ్ళెంలో పోసి, చెయ్యి పట్టేంత చల్లారనిచ్చి, గుంజకు కొట్టిన మేకుకి తగిలించి లాగుతాడు. లాగి, మడిచి, మళ్ళీ మేకుకి వేసి లాగుతాడు. నల్లటి బెల్లం లాగగా లాగగా వెండి తీగలా తెల్లబడుతుంది. ముక్కలు కొట్టాక ప్రతి వాయికీ ఒకటి కొరికి చూడాలి. పంటి కింద ఫట్టుమంటే సరుకు నిలుస్తుంది, సాగితే మర్నాటికి ముద్దయిపోతుంది. అంటే పని ఉన్న రోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ నోరు బెల్లం కొరుకుతూనే ఉండాలి.

అలాంటి మనిషికి చక్కెర జబ్బు వచ్చింది. ముందు మాత్రలిచ్చారు. తర్వాత మాత్రలు చాలవు, రోజూ సూది వేసుకోవాలన్నారు. మా అప్ప నేర్చుకుని పొట్ట మీద పొడిచేది. కొన్నాళ్ళు బుద్ధిగానే పొడిపించుకున్నాడు. ఆ తర్వాత ఒక తీర్థంలో మైకు కట్టిన వ్యాను ఒకటి ఈయన కొట్టు పక్కనే ఆగింది. అందులోవాడు పదిమంది నోట్లో పచ్చపొడి వేసి, మీద పంచదార వేసి, తీపి తెలుస్తోందా అని అడిగాడు. తెలియదని పదిమందీ తలలూపారు. మిగిలిన జనం డబ్బాల కోసం తోసుకున్నారు. నేను టీ నీళ్ళకు చేసిన ఆట వాడు మైకులో చేశాడు, అంతే తేడా. మా బావ డబ్బా కొననేలేదు. కొనకపోగా పక్క కొట్టువాడితో గర్వంగా అన్నాడట:

"ఇది మా బావమరిది ఎప్పుట్నుంచో సేస్తన్నాడు. ఆళ్ళ తాత జమీందార్నే బాగుసేసినాడు. నాకు డబ్బాలెందుకు, పచ్చి ఆకే తెప్పిస్తాను."

తెప్పించాడు కూడా. సూది మానేశాడు. పొద్దున్నే ఆకు బుగ్గన పెట్టుకుని పొయ్యి దగ్గర కూర్చునేవాడు. ఆకు నోట్లో ఉండగా కొరికిన జీడి లెక్కలోకి రాదని ఆయన సిద్ధాంతం. నోటికి తెలియని తీపి ఒంటికి ఎలా తెలుస్తుందని నాతోనే వాదించాడు. ఆ రోజు నేను నవ్వి ఊరుకున్నాను. ఆయన సూది మానేసిన సంగతి నాకప్పటికి తెలియదు. తెలిసి ఉంటే మాత్రం నవ్వకపోదునని ఒట్టు వేసి చెప్పలేను.

వేసవి తిరిగాక ఒకనాడు మా అప్ప మా ఇంటికొచ్చింది. ఎప్పుడొచ్చినా ముందు ప్రార్థన చేసి తర్వాత మాట్లాడే మనిషి, ఆ రోజు గుమ్మంలోనే నిలబడింది.

"ఒరే తమ్ముడా, మీ బావ కాలు సూసినావా?"

"ఏటైనాది?"

"పాకం సుక్క పడ్డాది పాదం మీద. పడ్డట్టు ఆయనకి తెల్దు. సర్రుమన్న సప్పుడు నాకు ఇనిపించినాది, ఆయన మేకు కాడ నిలబడి పాట పాడతన్నాడు. ఇప్పుడు సిటికిన వేలు నల్లబడిపోనాది. డాక్టరమ్మ సూది మల్లీ మొదలెట్టి, ఆస్పత్రిలో సేరమన్నాది. ఆలిస్యం సేస్తే పాదం తీసెయ్యాలంట. ఈయనేమో పొడపత్రి ఉన్నాదంటాడు."

"మరి నువ్వు సెప్పలేపోయావా?"

"నాను సెప్తే ఇంటాడేటి? నువ్వు సెప్పిందే ఆ నెత్తిలో ఉన్నాది. ఎక్కించినోడివి నువ్వే దింపు."

అప్పుడే వెళ్ళాను. దారి పొడుగునా ఒళ్ళు మండిపోయింది. ముందు వ్యానువాడి మీద, తర్వాత మా బావ మీద, ఆ తర్వాత పోయిన మా తాత మీద. నా దాకా రాలేదు. వచ్చేలోపు వాళ్ళ ఇల్లు వచ్చేసింది.

బావ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పాదానికి గుడ్డ చుట్టి ఉంది. దవడ ఆడుతోంది, అంటే బుగ్గన ఆకు ఉంది. పక్కన పళ్ళెంలో జీళ్ళు.

"రారా బావా, కూకో. వాయి ఫస్టుగా వచ్చినాది, ఒకటి కొరుకు."

"కొరకడానికి రానేదు. సూదెందుకు మానేసినావు?"

"నువ్వే అన్నావు గదా."

"నానేటన్నాను?"

"ఆకు సెక్కరని సంపేస్తాదని. బెంచీ మీద కూకుని ఎన్నిసార్లు అనుంటావో."

"అబద్ధం సెప్పినాను బావా. అది నాలిక మీద మాయ, అంతే. ఒంట్లో ఏటవుతాదో నాకు తెల్దు. తాతకీ తెల్దు. జమీందారు నేడు, ఎవరూ నేరు. గడ్డి కోసేవోడు."

బావ నవ్వడం మొదలుపెట్టాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు.

"మీ అప్ప పంపించినాదేటి?"

"పంపిస్తే మాత్రం? నిజమే సెప్తన్నాను."

"నువ్వు నిజం సెప్పినప్పుడు నీ మొహం ఇలగుండదురా. నీకు నిజం సెప్పడం రాదు. పెద్దపులి కథ సెప్పినప్పుడు ఎంత బాగుంటావో."

పులి కథ కూడా చెప్పేస్తాను. అది అడవి పిల్లి.

ఆ కోపంలో నాకొక ఉపాయం తట్టింది. మాటలతో కాదు, కళ్ళకు చూపిద్దామనుకున్నాను. పళ్ళెంలోంచి ఒక జీడి తీసి ఆయన చేతిలో పెట్టాను.

"నోట్లో ఆకున్నాది గదా?"

"ఉన్నాది."

"ఇది కొరుకు. ఏటి తగుల్తంది?"

"మట్టి."

"అరుగు మీద ఉమ్ము."

"ఏటి?"

"ఉమ్మమన్నాను."

ఉమ్మాడు. ఇద్దరం వంగి కూర్చున్నాం. జీళ్ళ కొట్టు అరుగు కదా, చీమలకు కబురు పంపక్కర్లేదు. ముందు ఒకటి వచ్చింది, చుట్టూ తిరిగి వెళ్ళిపోయింది. కాసేపటికి గోడ పగులులోంచి ఒక వరస బయలుదేరింది. ముక్క నల్లబడేదాకా ఆగాను.

"సూడు. నీ నోటికి మట్టి. ఈటికేటి? తీపి ఎక్కడికీ పోనేదు బావా, అక్కడే ఉన్నాది. నీ నాలికే మొద్దుబారినాది. కాలు మొద్దుబారినట్టే."

ఆయన ముక్కను తేరిపార చూశాడు. పట్టుబడ్డాడనుకున్నాను.

"ఒరే బావా," అన్నాడు, "సీమలు ఆకు నమలనేదు గదా."

నేను లేచి నిలబడ్డాను. ఆయన్ని రెక్క పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్ళానని చెబితే బాగుంటుంది గానీ, కుంటే మనిషిని లాగలేదు, భుజం ఇచ్చి నడిపించాను. అంట్లతోము గట్టు అవతల, ఆయన పొద్దున ఉచ్చ పోసిన చోట నేలంతా చీమలే.

"ఇది సూడు. ఇయి ఎందుకొచ్చినాయి? నీ ఒంట్లోంచి బెల్లం పాకం దిగుతంది. ఇదేటి మరి?"

"మంచిదే గదరా," అన్నాడు బావ. "ఆకు పన్జేస్తంది. ఒంట్లో సెక్కరనంతా ఇలగ బయటికి తోసేస్తంది."

నాకంటే పెద్ద అబద్ధాలకోరును నేనింతవరకూ చూడలేదు. కానీ నేను చెప్పే అబద్ధాలకు కనీసం నాకొక లాభం ఉంటుంది, ఒక టీయో, ఒక నవ్వో. ఈ మనిషి తన పాదం పణంగా పెట్టి మరీ అబద్ధాన్ని నమ్ముతున్నాడు. పైగా దానికి నాకంటే మంచి కారణం వెతుకుతున్నాడు. చెంప మీద కొట్టాలనిపించింది. వరసకు పెద్దవాడు కాబట్టి ఊరుకున్నాను.

వచ్చేస్తుంటే మా అప్ప కుళాయి దగ్గర బేసిను కడుగుతూ కనిపించింది. తల ఎత్తలేదు.

"ఇన్నాడేటి?"

"ఇనడు. నీ మొగుడు మనిషి కాదు."

"ఇయాల పుండులోంచి పురుగు తీసినాను. మీ బావకి సెప్పనేదు. సెప్తే బయపడతాడని." నీళ్ళు పారబోసి బేసిను బోర్లించింది. "బయపడితే ఎల్తాడేమో. అలగని సెప్పడానికి నాకు నోరు రావట్లేదురా."

ఆ మాట విన్నాక నేను ఇంటికి పోలేదు. వెనక్కి అరుగు దగ్గరికి నడిచాను. ఈసారి కూర్చున్నాను. కోపాన్ని గొంతులోంచి తీసేసి, టీ కొట్టు బెంచీ మీద మాట్లాడే గొంతు తెచ్చుకున్నాను. చుట్టూ ఒకసారి చూశాను, ఎవరైనా వింటారేమో అన్నట్టు.

"బావా, ఒక మాట దాసినాను నీ కాడ."

దవడ ఆగింది. "ఏటి?"

"తాత పొయ్యేముందు సెప్పినాడు. పొడపత్రి వొట్టి ఒంట్లో పట్టదంట. సూది మందు పడిన ఒంట్లోనే పడతాదంట. ముందు సూది దారి తీస్తాది, ఆ దారమ్మట ఆకు ఎల్తాది. దారి నేకపోతే ఆకు తిరగబడి కిందకి దిగిపోతాది. కాల్లోకి."

బావ తన పాదం వైపు చూసుకున్నాడు.

"జమీందారుక్కూడా సూది ఏసినాడేటి?"

"ఏసినాకే గదా ఆకు పెట్టినాడు."

"మరి ఇన్నాళ్ళూ సెప్పనేదేటి?"

"గురువు మాట. పేణం మీదకొస్తే గాని సెప్పకూడదన్నాడు. అందుకే ముందర ఆ సీమల గొడవంతా పెట్టినాను, నువ్వు ఊరికే ఇంటావేమోనని."

ఆయన నమ్మాడు. నమ్మడం నేను చూశాను. ముఖం తేటపడింది. కానీ నా మీద ఎంత నమ్మకమున్నా నేను ఎవణ్ణో ఆయనకు తెలుసు. తలుపు దగ్గర బేసిను పట్టుకుని నిలబడిన మా అప్ప వైపు తిరిగాడు.

"ఏటే, ఈడు సెప్పేది నిజమేనా? నీకూ తాతే గదా."

మా అప్ప గురించి ఒక్క ముక్క చెప్పాలి, ఇందులో పెంచిందేమీ లేదు. ఆవిడ అబద్ధమాడగా నేను వినలేదు. చిన్నప్పుడు నేను పగలగొట్టిన కుండకు కూడా, ఎవరు కొట్టారని అమ్మ అడిగితే నా పేరే చెప్పింది. చర్చిలో ఎవరి మాటకు ఎవరు సాక్ష్యం కావాలన్నా ఆవిడను పిలుస్తారు. తాత పోయే నాటికి మా జిల్లాలో ఆ సూదిమందు పేరు విన్నవాళ్ళున్నారో లేదో. ఆవిడకు నాకంటే బాగా తెలుసు.

బేసినును ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"ఔను," అంది. "నానూ ఇన్నాను."

ఆ మధ్యాహ్నమే ఆటో ఎక్కించాం. ఆస్పత్రిలో చిటికెన వేలు తీసేశారు, పాదం నిలిచింది. ఇప్పుడు పూటకు సూది పడుతోంది. సూది పడిన తర్వాతే ఆకు నములుతాడు, వరస తప్పడు. ఆకు సంగతి డాక్టరమ్మకు నేనే చెప్పాను. సూది మానకపోతే చాలు, రక్తపరీక్ష మాత్రం ఎప్పటికప్పుడు చేయిస్తూ ఉండమంది. జీళ్ళు కొరికే పని మా అప్ప తీసుకుంది.

ఊరుకున్నాడా? కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చెబుతున్నాడు. "పొడపత్రి ఒక్కటీ ఏటీ సెయ్యదు, సూది దారి తియ్యాల." రణస్థలం నుంచి ఒకాయన, చీపురుపల్లి నుంచి ఒకాయన నన్ను వెతుక్కుంటూ వచ్చారు, మీ తాతగారి పద్ధతి సరిగ్గా చెప్పండి అని. చెప్పాను. సూది మానొద్దని, రెండు సూదుల మధ్యా ఆకు గురించి ఎక్కువ ఆలోచించొద్దని చెప్పాను. బుద్ధిగా తలూపి వెళ్ళారు. మీ తాతగారి కాలంలో ఈ సూది ఎక్కడిదండీ అని ఇంతవరకూ ఒక్క మనిషీ అడగలేదు. టీ కొట్టు దగ్గర చీమల సంగతి చెబితే నవ్వినవాళ్ళు దీనికి చేతులు కట్టుకుని నిలబడ్డారు. వాళ్ళను చూస్తే నాకు పళ్ళు నూరాలనిపిస్తుంది.

కానీ అసలు కోపం అది కాదు.

మా చర్చిలో నెల మొదటి ఆదివారం బల్ల, అంటే ప్రభువు పేరిట రొట్టె, రసం పుచ్చుకోవడం. రొట్టె పళ్ళెం ముందు వస్తుంది, తర్వాత చిన్న చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం. మనసులో ఏదైనా తప్పు ఉన్నవాళ్ళు తీసుకోకుండా పక్కవాళ్ళకు అందించాలి. ఎవరూ కారణం అడగరు, కానీ అందరూ చూస్తారు. బావ ఆస్పత్రి నుంచి వచ్చాక వచ్చిన మొదటి బల్ల నాడు నేను మగవాళ్ళ వైపు ఆయన పక్కనే కూర్చున్నాను. కట్టు కట్టిన కాలు ముందుకు చాపుకుని ఉన్నాడు. ద్రాక్షరసం తీపి కదా అని ముందే ఆకు నమిలి వచ్చాడు. గ్లాసు ఎత్తి తాగి, రుచి తెలియక మొహం చిట్లించి, నాకేసి చూసి కన్ను కొట్టాడు. నేనూ తీసుకున్నాను. బతుకంతా నోటికొచ్చింది చెప్పినవాణ్ణి, ఏ నెలా మానలేదు.

అవతల ఆడవాళ్ళ వరసలో పళ్ళెం మా అప్ప దగ్గరికి వచ్చింది. ఆవిడ దాన్ని రెండు చేతులా అందుకుంది, తల వంచింది, ఏమీ తీసుకోకుండా పక్కావిడకు అందించింది. గ్లాసుల పళ్ళెం వచ్చినప్పుడూ అంతే. ముసుగు సర్దుకుని ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. పక్కావిడ ఆశ్చర్యంగా చూసింది.

బయటికొచ్చాక అడిగాను. "ఎందుకే అప్పా, మొగుడి కాలు నిలబడినాది గదా."

"నిలబడినాది," అంది. "నాకు సంతోసమే. మల్లీ అడిగితే మల్లీ అదే సెప్తాను. అందుకే తీసుకోనేదు."

అప్పటి నుంచి ప్రతి నెలా ఆ పళ్ళెం ఆవిడ చేతుల మీదుగా దాటిపోతోంది. మా బావ ఇంతవరకూ గమనించలేదు. ఆ కాలు చాపుకుని, బుగ్గన ఆకుతో, పాటలు గట్టిగా పాడతాడు.